బుగ్గ మేస్త్రి

మెస్ గోడకు, వారం కూరల పట్టిక పక్కన
మారిసెల్ మేడం కాగితం అంటించింది:
పన్నెండు వారాల ఉరుకుడు శిక్షణ.
ఆరోగ్యవంతుడే నాయకుడు.
పూర్తిచేసినోళ్లకు సూపర్‌వైజర్ ఇంటర్వ్యూల ముందు వరుస.

పేరిచ్చిన.
రువైస్‌ల పదకొండేండ్ల స్కాఫోల్డింగ్ నాది.
పైపులు మోసి మోసి కుడి భుజం ఇంత కిందికి జారింది.
ఉరుకుడు మాత్రం కొత్త.
సైటుల ఉరికినోని ఐడీ కార్డు గుంజుకుంటరు కద.

కోచ్ పేరు మోంజీ. ట్యునీషియా మనిషి.
గడ్డం నెరిసినా పిక్కలు రాతి గుండ్లు.
నా మణికట్టుకు గడియారం బిగించి
నీ గుండె చప్పుడు ఎప్పుడన్న విన్నవా అని అడిగిండు,
సగం హిందీ, సగం సైగ.

విన్న.
నిరుడు జులైల, పొద్దుగాల పదిన్నరకు,
షట్‌డౌన్‌కు ఇంక నాలుగు రోజులే అని
"కానీయుండ్రి, కానీయుండ్రి" అని నేనే తరుముతుంటే
దూప లేదన్నా అని నవ్విన గంగరాజం
క్లాంపు బిగిస్తా బిగిస్తా
గోడకు చెక్క ఆనిచ్చినట్టు ఒరిగిండు.
హార్నెస్ పట్టుకున్నది. మనిషి వేలాడిండు.
మూడు సెలైన్లు ఎక్కినంక కండ్లు తెరిచి
"పని అయిందా?" అన్నడు.
ఆ మాటకు నా గుండె ఎట్ల కొట్టుకున్నదో
ఈ గడియారంల దానికి అంకె ఉన్నదా?

ఆదివారాలు తెల్లారగట్ల నాలుగింటికి సముద్రం ఒడ్డు.
ఏసీ హాల్ల చాపల మీద డెరెక్ సార్‌లు ఊపిరి పీల్చి వదిలేది వేరే లెక్క.
వాళ్లకు పేరు తిరగని పచ్చపండు ముక్కలు,
మాకు ఖర్జూరం, ఉప్పు నీళ్లు.
ఖర్జూరమే మంచిగుండె. కోచ్ గూడ మా దిక్కే తిన్నడు.
"మొదటి మూడు కిలోమీటర్లు సిగ్గుపడేంత మెల్లగ" అనేటోడు.
నాకు సిగ్గు రాలే. కోపమొచ్చింది.
కంపెనీ పంపిన మనిషి నోట మెల్లగ అన్న మాట
పదకొండేండ్లకు మొదటిసారి విన్న.

ఆరో వారం పక్కకు పిలిచిండు:
"ఉరుకుతా వెనక్కి చూస్తవు నువ్వు. పందెంల అది రోగం.
నిన్ను గెలిపించుడు నాతోని కాదు. పేసర్‌ను చేస్త."

పందెం నాడు పొగమంచు.
నా వీపుకు పసుప్పచ్చ బుగ్గ కట్టిండ్రు,
దాని మీద రెండున్నర గంటలని రాసి.
నేను గెలవద్దు. ఆ గడియకు చేరాలె,
వెంట నమ్మి వచ్చేటోళ్ల దమ్ము చూసి అడుగెయ్యాలె.
డెరెక్ సార్ ఎప్పుడో మాయమైండు. మంచి బూట్లు.
పద్నాలుగో కిలోమీటరు కాడ టేక్ బహదూర్ పిక్క పట్టేసింది.
గుల్ జమాన్ పష్తోల ఏదో తిట్టు తిట్టి, చెయ్యందిచ్చిండు.
వెనక్కి చూసిన. ఏడుగురు.
మళ్ల చూసిన. ఏడుగురు.
ఒక్క నిమిషం ఆలస్యంగ చేరినం.
ఆ నిమిషం గురించి కోచ్ ఏమనలే.

సూపర్‌వైజర్ జాబితాల నా పేరు గీత కింద ఉన్నది.
వచ్చే ఏడు పక్కా అన్నది మారిసెల్ మేడం, కండ్లల్లకు చూడకుంట.
గడియారం వాపస్ తీసుకున్నరు.
మణికట్టు మీద తెల్లటి పట్టీ మిగిలింది,
ఎండ తగలని నా తోలు.

మళ్ల జూన్. నన్నిప్పుడు బుగ్గ మేస్త్రి అంటరు.
డెక్కు మీద పొద్దుగాల తొమ్మిది గూడ కాలే,
గంగరాజం అంగీ వీపు మీద చెమట ఆరి
ఉప్పు గీత తేలింది.
"ఆగుండ్రి" అన్న.
"దూప కాలేదన్నా."
"ఎరుకే. తాగు."

కింద డెరెక్ సార్ తలెత్తి
చేతి గడియారం మీద వేలితోని కొడుతున్నడు.
నేను తెల్లపట్టీ మీద రెండు వేళ్లు పెట్టి
లెక్కపెడుతున్న.